పెద్దల్లుడి అవుట్‌బాక్స్

అందరూ దాన్ని కళ్ళ కొట్టు అనేవారు. కళ్ళజోళ్ళ కొట్టు అనుకునేరు, కాదు. అచ్చంగా కళ్ళే. ప్రమాదంలోనో జబ్బులోనో ఒక కన్ను పోగొట్టుకున్నవాళ్ళు అక్కడికి వస్తే, మిగిలిన కంటికి జత కుదిరేలా ఇంకోటి చేసి ఇచ్చేవారు. చేసేది ప్లాస్టిక్‌తోనే అయినా జనం నోట అది గాజుకన్నే. సొరుగు లాగితే చాలు, దూది మీద వరసగా వెల్లకిలా పడుకుని మనవంకే చూసేవి. నల్లవి, తేనెరంగువి, బూడిదరంగువి. కొత్తగా కుదిరిన పనిమనిషి ఒకావిడ దుమ్ము తుడుద్దామని ఒకసారి సొరుగు లాగింది. చీపురు అక్కడే పారేసి వెళ్ళిపోయింది. చెప్పులు కూడా వదిలేసిందని చెప్పుకుంటారు గాని, అది కాస్త కలిపి చెప్పింది.

కొట్టు మామగారిది. ఆయన తన దగ్గర పని నేర్చుకున్న ఇద్దరికీ ఇద్దరు కూతుళ్ళనిచ్చి పెళ్ళిళ్ళు చేశాడు. ఆయన తర్వాత అది అల్లుళ్ళ కొట్టు అయింది. అచ్చు పోయడం, సానబట్టడం, తెల్లగుడ్డు మీద సన్నటి ఎర్రపట్టు పోగుల్ని నరాల్లా అతికించడం చిన్నల్లుడి పని. నల్లపాప చుట్టూ ఉండే రంగు వలయాన్ని కుంచెతో దిద్దడం పెద్దల్లుడి పని. చాకిరీ చెరిసగమే. ‘సరిపోయింది’ అనే మాట మాత్రం పెద్దల్లుడు ఒక్కడిదే. ఆయన ఆ మాట అంటే కన్ను గడప దాటేది. అనకపోతే మళ్ళీ మొదటికి. పెళ్ళయిన నాటి నుంచీ చిన్నల్లుడు ఆ మాట తన నోటితో ఒక్కసారి అనాలని ఎంత ఉబలాటపడ్డాడో ఆ సొరుగుల్లోని కళ్ళకే తెలుసు.

దూరాల వాళ్ళు మెయిల్లో ఫొటోలు పంపేవారు. మంచి కంటి పక్కన తెల్లకాగితం పెట్టుకుని, ఎండలో తీసిన ఫొటో. ఫోన్లో పంపితే ఫొటో నలిగిపోయి, రంగు వెలిసిపోయి వస్తుంది. మెయిల్లో అయితే తీసింది తీసినట్టు దిగుతుంది. ఆ మెయిళ్ళకోసం పెద్దల్లుడు వెనక గదిలో ఒక కంప్యూటర్ పెట్టుకున్నాడు. అందులో పాతకాలం మెయిల్ సాఫ్ట్‌వేర్ ఒకటి. బ్రౌజర్ తెరిచి చూసుకునే రకం కాదది, కంప్యూటర్‌లోనే కాపురం పెట్టే రకం. సర్వర్ దగ్గరికి వెళ్ళి, కొట్టు పేరున వచ్చినవన్నీ మూటగట్టుకుని ఇంటికి తెచ్చి సర్దేది. దాన్ని తయారు చేసినవాళ్ళే ఎప్పుడో దాని మొహం చూడ్డం మానేశారు. పెద్దల్లుడు మానలేదు.

“అందరూ ఫోన్లోనే చూసుకుంటున్నారన్నయ్యా,” అనేవాడు చిన్నల్లుడు.

“చూసుకోనీ. నా ఉత్తరాలు తీసుకెళ్ళి ఎవడి అటక మీదో పెట్టి, చదువుకోవాలంటే రోజూ వాడి తలుపు కొట్టాలా నేను?”

ఇంకో పద్ధతి కూడా ఉండేది ఆయనకి. జవాబు రాసిన రోజున పంపేవాడు కాదు. రాసి అవుట్‌బాక్స్‌లో పడేసి, మర్నాడు పొద్దున ఆ ఫొటోనీ, తను వేసిన రంగునీ కొత్త ఎండలో ఇంకోసారి చూసి, మనసు మారకపోతేనే ‘పంపు’ నొక్కేవాడు. “ఒక రోజు వెలుతురు అబద్ధం చెబుతుంది. రెండు రోజులూ ఒకే అబద్ధం చెప్పదు,” అనేవాడు. అందుకని ఆ అవుట్‌బాక్స్‌లో ఎప్పుడూ ఒకటో రెండో జవాబులు మాగుతూ ఉండేవి.

అలాంటి పెద్దల్లుడు ఒక మధ్యాహ్నం కుంచె కడిగి, తుడిచి, గ్లాసులో నిలబెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, అలాగే పోయాడు.

*

కార్యక్రమాలన్నీ అయ్యాక చిన్నల్లుడు కొట్టు మెయిల్‌ని తన ఫోన్లో పెట్టుకున్నాడు. రంగులు వేసే బల్ల ముందుగదిలో కిటికీ దగ్గరికి మారింది. కుంచె తనే పట్టాడు. వెనక గదిలో కంప్యూటర్‌ని ఆర్పబోతే మాత్రం వదిన, అంటే పెద్దల్లుడి భార్య, గుమ్మంలో నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది.

“దాన్ని ముట్టుకోకు మరిదీ. ఆ గుయ్యిమనే చప్పుడు వినకపోతే నాకు ఇంట్లో ఉన్నట్టే ఉండదు.”

“ఊరికే తిరుగుతోంది కదా వదినా.”

“మీ అన్నయ్య కూడా ఊరికే తిరిగేవాడు. ఆర్పేశానా?”

దాంతో అది అలాగే ఉండిపోయింది. కొన్నాళ్ళకి ఒక చిత్రం మొదలైంది. చిన్నల్లుడి ఫోన్‌కి మెయిళ్ళు రావడం తగ్గింది. తగ్గి తగ్గి, స్పామ్‌లో పడే మందుల ప్రకటనలు తప్ప ఏమీ రాకుండా పోయింది. పెద్దాయన పోయాడని తెలిసి జనం మొహం చాటేశారనుకున్నాడు. ఆ మాట పైకి అంటే సగం చచ్చినట్టుంటుందని భార్యతో కూడా అనలేదు.

అప్పుడొచ్చింది టీచరమ్మ. పక్క ఊరి బడిలో చిన్నపిల్లలకి చెప్పేది. సుద్దముక్కలూ బిగువూ రెండూ చేతిలో ఉన్న మనిషి. ఆవిడ ఎడమ కంటికి కొత్త కన్ను చేసి పార్సిల్లో పంపించి వారం తిరగలేదు. చిన్నల్లుడు మొదటినుంచి చివరిదాకా తనే చేసి, తనే ‘సరిపోయింది’ అనుకుని పంపిన మొదటి కన్ను అది. ఆవిడ కంటి మీద గుడ్డ కట్టుకునే లోపలికి వచ్చి, దూదిలో చుట్టిన కన్ను బల్ల మీద పెట్టింది.

“ఏమ్మా, బిగువైందా?”

“లేదండీ, హాయిగానే ఉంది. మీరే కదా పెట్టుకోవద్దన్నారు?”

“నేనా?”

“పెట్టుకుని ఎండలో ఫొటో తీసి పంపమని పార్సిల్లో చీటీ పెట్టారు. పంపాను. మర్నాడు మీ దగ్గర్నుంచి జవాబొచ్చింది.” ఫోన్ తీసి చూపించింది. కొట్టు మెయిల్ నుంచే వచ్చింది.

‘నమస్తే. కన్ను అందంగా వచ్చింది. కాని అది మీ కన్ను కాదు. పెట్టుకోకండి. తెచ్చి మా చిన్నతనికి ఇవ్వండి.’

చిన్నల్లుడు చివరి మాట రెండోసారి చదివాడు. ఈ భూమ్మీద తనని ‘మా చిన్నతను’ అని రాసే మనిషి ఒక్కడే. ఆ మనిషిని తనే మోసుకెళ్ళి వచ్చాడు.

“మా... మా ఆఫీసువాళ్ళు రాసుంటారు. ఒక్కసారి బయటికి రండి,” అన్నాడు.

వాకిట్లో ఎండలో నిలబెట్టి చూశాడు. నీడలో అక్కచెల్లెళ్ళలా ఉన్న రెండు కళ్ళూ ఎండలోకి రాగానే తోడికోడళ్ళలా విడిపోయాయి. మంచి కంట్లో తేనెరంగు అడుగున ఒక ఎర్రజీర ఉంది. తను వేసినదాంట్లో ఆ జీర ఉండాల్సిన చోట ఆకుపచ్చ తగిలింది. లేశమే. కాని ఒకసారి కనిపించాక ఇక అదే కనిపిస్తోంది.

“ఒకటో తారీఖున బళ్ళు తెరుస్తారండీ,” అంది టీచరమ్మ. “ఈ గుడ్డ కట్టుకుని వెళ్తే మొదటి బెంచీ పిల్లలు నా మొహం చూడరు. బెంచీలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. అప్పటికి అవుతుందా?”

“అవుతుందమ్మా.”

“అయిందని ఎవరు చెబుతారు? మీరా, ఆ జవాబు రాసినాయనా?”

చిన్నల్లుడు కన్నుని మళ్ళీ దూదిలో చుట్టి జేబులో వేసుకున్నాడు.

*

మర్నాడు కంప్యూటర్ మెకానిక్‌ని పిలిపించాడు. నోరు మూతపడని మనిషి. వెనక గదిలో కూర్చుని, వేళ్ళు విరుచుకుని, మెయిల్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూడగానే నవ్వాడు.

“ఇదింకా బతికే ఉందా సార్! దీన్ని నేను చదువుకునే రోజుల్లో చూశా. మీ మెయిళ్ళు ఎక్కడికీ పోలేదు. ఈ డబ్బా మింగుతోంది.”

“మింగడమేంటయ్యా?”

“ఇదిగో ఈ గడి చూడండి. ‘తెచ్చుకున్నాక సర్వర్లోంచి తీసెయ్’. మీ అన్నగారు టిక్కు పెట్టుకున్నారు. మెయిల్ వచ్చీ రాగానే ఇది వెళ్ళి పట్టుకొచ్చేస్తోంది. మీ ఫోన్ వెళ్ళేసరికి పెట్టె ఖాళీ. మీరు దీన్ని ఆర్పకుండా వదిలేశారు చూడండి, అదీ జరిగిన పొరపాటు.”

చిన్నల్లుడికి ప్రాణం లేచొచ్చింది. “అయితే జవాబులు కూడా ఇదే ఇస్తోందా? దానంతటదే?”

“ఇవ్వొచ్చు సార్. ఇలాంటి మెయిల్ వస్తే ఇలాంటి జవాబు వెళ్ళాలని రూల్స్ రాసిపెట్టుకోవచ్చు. ఆయన రాసే ఉంటారు. ఉండండి.” నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. నవ్వు సగంలో ఆగింది. “రూల్స్ ఒక్కటీ లేవే.”

“సరిగ్గా చూడు.”

“సరిగ్గానే చూస్తున్నా. ఇక్కడ అవుట్‌బాక్స్‌లో ఒక జవాబుంది. ఇవాళ పొద్దున రాసింది. ఎవరికో... ‘మీ అబ్బాయికి కన్ను వదులైంది, బెంగపెట్టుకోకండి, ఎదిగే వయసు’ అని.” గొంతు తగ్గించాడు. “ఎవరు రాశారు సార్?”

మెకానిక్ కుర్చీ మీద సగానికి జరిగాడు. ఆ కుర్చీ ఎవరిదో అప్పుడు గుర్తొచ్చినట్టుంది, మిగతా సగం నుంచి కూడా లేచాడు.

“మీరేం చెయ్యక్కర్లేదు సార్. ఒకటో తారీఖు నుంచి మెయిల్ కంపెనీవాళ్ళు ఇలాంటి పాతవాటిని గుమ్మంలోకే రానివ్వరు. ఉత్త పాస్‌వర్డ్ చెబితే ఇక చాలదు. ఫోన్‌కి కోడ్ రావాలి, దాన్ని మళ్ళీ కొట్టాలి, ఈ ముసలిదానికి అవేం తెలీవు. కావాలంటే మీ ఫోన్లోంచి దీనికోసమే ఒక పొడుగాటి పాస్‌వర్డ్ తీసుకుని ఇందులో కొడితే పన్జేస్తుంది. కొట్టకపోతే దానిపాటికది ఊరుకుంటుంది.” సంచీ సర్దేసుకున్నాడు. డబ్బులివ్వబోతే, “తర్వాత తీసుకుంటా సార్, ఎక్కడికి పోతాను,” అని ఆ మాట పూర్తి కాకముందే వీధిలో ఉన్నాడు.

*

చిన్నల్లుడు వదినని అనుమానించాడు. మనిషన్నవాడు ముందు మనిషినే అనుమానిస్తాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ ఆ గదిలో ముక్కాలిపీట మీద కూర్చుని చిరిగిన దిండుగలేబు కుడుతోంది. కుట్టడమంటే చేత్తో తడుముకుంటూ కుట్టడమే.

“వదినా, నిజం చెప్పు. అన్నయ్య పేరు మీద జవాబులు నువ్వేనా రాస్తున్నది?”

ఆవిడ సూది ఆపి నవ్వింది. “నా కళ్ళలో పొరలు ముదిరిపోయి నీ మొహమే చెరిపేసిన పలకలా కనిపిస్తోంది. మా నాన్న చేసినన్ని కళ్ళలో నాకు పనికొచ్చేది ఒక్కటీ లేకపోయె. నేను టీవీలో అక్షరాలు చదవలేను, ఉత్తరాలు రాస్తానా?”

“మరి ఎవరు?”

“నన్నడుగుతావేంటి? అటు చూడు. ఇది ఆయన కూర్చునే వేళే.”

పట్టపగలు. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. కుర్చీ ఖాళీ. మెయిల్ సాఫ్ట్‌వేర్ తెరిచే ఉంది. ‘టింగ్’ మని కొత్త మెయిల్ ఒకటి వచ్చి పైన కూర్చుంది. చదవనివి అందులో లావు అక్షరాలతో కనిపిస్తాయి, చదివినవి సన్నగా అవుతాయి. చిన్నల్లుడు గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని చూస్తున్నాడు. లావుగా ఉన్న ఆ పేరు కాసేపు అలాగే ఉంది. ఆ తర్వాత మెల్లిగా, ఎవరో కళ్ళజోడు సవరించుకుని చదవడానికి ఎంత సేపు పడుతుందో అంత సేపూ ఆగి, సన్నబడింది.

మౌస్ కదల్లేదు. బల్ల మీద దుమ్ము కూడా కదల్లేదు.

“చదివారా?” అంది వదిన, సూదిలో దారం పెట్టుకునే ప్రయత్నంలో.

“ఆ,” అన్నాడు చిన్నల్లుడు.

“అయితే కాసేపు మాట్లాడకు. ఆలోచించుకుంటారు.”

*

ఆ రోజు నుంచి కుంచె పట్టుకుంటే మెడ వెనక ఎవరో ఊపిరి వదులుతున్నట్టుండేది. టీచరమ్మ కంటికి ఎర్రజీర వేశాడు, చెరిపాడు, మళ్ళీ వేశాడు. ఒకసారి బాగుందనిపించేది. లేచి మంచినీళ్ళు తాగొచ్చేసరికి ఆ బాగు ఎటో పోయేది. వెనక గదిలో అవుట్‌బాక్స్ మాత్రం నిండుతూ, ఖాళీ అవుతూ తన పని తను చేసుకుపోతోంది. ఆర్పేద్దామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళాడు. వదిన అడ్డం రాలేదు. చెయ్యే రాలేదు. ‘ఎలాగూ ఒకటో తారీఖున కంపెనీవాళ్ళే తలుపేస్తారు, ఆ పాపం నాకెందుకు’ అనుకుని వెనక్కి వచ్చాడు.

కన్ను పూర్తయ్యేసరికి ముప్పయ్యో తారీఖు వెళ్ళిపోయింది. బళ్ళు తెరిచే రోజు తమ బడి మధ్యాహ్నం నుంచేనని, పొద్దున్నే వచ్చి కన్ను పెట్టించుకుని అటునుంచి అటే వెళ్తానని టీచరమ్మ ఫోన్ చేసింది.

ఒకటో తారీఖు పొద్దున లేవగానే చిన్నల్లుడు ఒక పని చేశాడు. ఎవరికీ చెప్పని పని. కొత్త కన్నుని తెల్లకాగితం మీద పెట్టి, ఎండలో ఫొటో తీసి, తన సొంత మెయిల్ నుంచి కొట్టు మెయిల్‌కి పంపాడు. కింద ఒకే మాట రాశాడు: ‘అన్నయ్యా, సరిపోయిందా?’

పంపి, వెనక గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. ‘టింగ్’ మనలేదు. తెర మధ్యలో చిన్న డబ్బా ఒకటి లేచింది. ‘లోపలికి అనుమతి లేదు. పాస్‌వర్డ్ మళ్ళీ ఇవ్వండి.’

మెకానిక్ చెప్పిన తలుపు మూసుకుపోయింది.

చూస్తూ ఉండగానే ఆ డబ్బాలో ఒక చుక్క పడింది. పక్కన ఇంకో చుక్క. పాస్‌వర్డ్ కొడుతుంటే అక్షరాల బదులు పడే నల్లచుక్కలు. ఒక వేలితో వెతుక్కుంటూ కొట్టే మనిషి ఎలా కొడతాడో అలా, నింపాదిగా పడ్డాయి. డబ్బా మాయమైంది. వెంటనే మళ్ళీ లేచింది. ‘అనుమతి లేదు.’

మళ్ళీ చుక్కలు. ఈసారి కాస్త జోరుగా. మళ్ళీ ‘అనుమతి లేదు.’ మళ్ళీ చుక్కలు. మళ్ళీ. ఎండకి తాళలేక, చేతిలో సరుకులతో, ఇంటి ముందు నిలబడి తాళంచెవి తిప్పి తిప్పి చూసుకుంటున్న మనిషిలాగా. కీబోర్డ్ మీద ఒక్క మీటా కిందికి దిగడం లేదు, కాని చుక్కలు వానలా పడుతున్నాయి.

“ఏంటి మరిదీ, చప్పుడు మారింది?” అంది వదిన గుమ్మంలోంచి. నిజమే, కంప్యూటర్ ఆయాసపడుతోంది.

“తలుపేశారు వదినా. అన్నయ్య పాస్‌వర్డ్ చెల్లదట.”

“నీ దగ్గర చెల్లేదేదో ఉందన్నాడుగా ఆ మెకానిక్?”

ఉంది. చిన్నల్లుడు రాత్రే ఫోన్లోంచి తీసి పెట్టుకున్నాడు. ఎందుకు తీశాడో తనకే తెలీదు. అక్షరాలు వరసగా ఫోన్ తెర మీద మెరుస్తున్నాయి.

“కొట్టు నాయనా,” అంది వదిన. బతిమాలినట్టు లేదు. బయట ఎవరో వచ్చారు తలుపు తియ్యి అన్నట్టుంది. “ఎంతసేపని నిలబడతారు?”

చిన్నల్లుడు కుర్చీ దగ్గరికి నడిచాడు. కూర్చోలేదు, వంగాడు. కీబోర్డ్ మీద చెయ్యి పెట్టాడు. మీటలు వెచ్చగా ఉన్నాయి. ఇది కొట్టాడా, అన్నయ్య లోపలికి వస్తాడు, ఫొటో చూస్తాడు, ఒక రోజు మాగబెట్టి చెబుతాడు. ఆ చెప్పింది నిజమే అవుతుంది. ఆ తర్వాత కన్నుకీ ఇలాగే. ఆ తర్వాతదానికీ. తను ముసలివాడై కుంచె వణికే దాకా ప్రతి కన్నూ ఈ గది గుమ్మంలో నిలబడి అడుక్కోవాలి. వాకిట్లో చెప్పుల చప్పుడైంది. “ఏమండీ, ఉన్నారా?” అని టీచరమ్మ గొంతు.

చుక్కలు ఆగాయి. డబ్బా ఖాళీగా, ఎదురుచూస్తూ ఉంది.

“అన్నయ్యా,” అన్నాడు చిన్నల్లుడు ఖాళీ కుర్చీతో, “ఇది నేను చూసుకుంటాను.”

డబ్బా కింది ‘వద్దు’ నొక్కాడు. డబ్బా పోయింది. మళ్ళీ లేవలేదు. కంప్యూటర్ ఆయాసం సన్నగిల్లి, మామూలు గుయ్యిమనే చప్పుడుకి వచ్చింది. వదిన గుమ్మం పట్టుకుని పక్కకి తప్పుకుంది.

*

టీచరమ్మని వాకిట్లో ఎండకి ఎదురుగా స్టూల్ మీద కూర్చోబెట్టాడు. చేతులు కడుక్కుని, కన్నుని కడిగి, రెప్ప ఎత్తి పెట్టాడు. వెనక్కి జరిగి చూశాడు. ఎడమవైపు నుంచి చూశాడు. కుడివైపు నుంచి చూశాడు. ఎర్రజీర ఉండాల్సిన చోట ఉంది. ఆకుపచ్చ లేదు. కాని గుండె మాత్రం, ఏం ఉన్నా ఏం లేకపోయినా, ఎవరో చెబితే బాగుండునని కొట్టుకుంటూనే ఉంది.

“ఏమంటారు?” అంది టీచరమ్మ. “బస్సుకి టైమవుతోంది.”

చిన్నల్లుడు ఇంకొక్కసారి ఎర్రజీర వంక చూశాడు. ఇన్నాళ్ళూ నోట్లో తిప్పుకున్న మాటే పైకి వచ్చింది.

“సరిపోయింది,” అన్నాడు.

ఆవిడ చేతి అద్దంలో చూసుకుంది. రెప్పలు కొట్టింది. మొహంలో ఏదో విడిపోయినట్టయింది. పెద్దగా నవ్వకుండా, బడిలో మంచి జవాబు విన్నప్పుడు నవ్వినట్టు నవ్వింది. తర్వాత కొత్త కంటి రెప్ప వాలిపోకుండా నిలుస్తోందో లేదో చూద్దామని మంచి కన్ను ఒక్కటే మూసి, కొత్త కన్నుని అలాగే తెరిచి ఉంచి, తల ఎత్తింది. చిన్నల్లుడి భుజం మీదుగా కొట్టు గుమ్మం వంక చూస్తూ ఆగిపోయింది.

“ఆయనెవరండీ?”

“ఎవరు?”

“ఆ గుమ్మంలో. కుంచె తుడుచుకుంటూ నిలబడ్డారు. తల ఊపుతున్నారు.”

గాజుకంటితో చూడలేమని ఆవిడకీ తెలుసు, చేసినవాడికీ తెలుసు. ఆ క్షణాన ఇద్దరికీ గుర్తులేదు. చిన్నల్లుడికి వెనక్కి తిరిగి చూద్దామంటే మెడ ఒప్పుకోలేదు.

“తల... ఎలా ఊపుతున్నారమ్మా? అడ్డంగానా, నిలువుగానా?”

టీచరమ్మ కాసేపు చూసింది.

“నిలువుగానేనండీ.”

చెప్పాక గాని తను ఏ కంటితో చూస్తోందో ఆవిడకి తట్టలేదు. గబుక్కున మంచి కన్ను తెరిచింది. గుమ్మంలో ఎవరూ లేరు. ఆవిడ మొహంలో రంగు దిగిపోయింది. సంచీ అందుకుని లేవబోయింది.

అప్పటికే వదిన గోడ తడుముకుంటూ వాకిట్లోకి వచ్చేసింది. ముక్కాలిపీట తెచ్చుకుని, టీచరమ్మకి మోకాలు తగిలేంత దగ్గరగా వేసుకుని కూర్చుని, ఆవిడ చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది.

“అమ్మా, భయపడకు. నాకోసం ఇంకొక్కసారి మూసి చూడు తల్లీ. బాగున్నారా? చిక్కిపోయారా?”

టీచరమ్మ ఆ పొరలు కమ్మిన కళ్ళవంక చూసింది. బస్సు హారన్ మూలమలుపు దగ్గర మోగింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, గుమ్మం వైపు తిరిగి, మెల్లిగా మంచి కన్ను మూసింది.